పొదుగు సెలవు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే అలా ఇలా కాదు, చెట్టుకో ఆఫీసు పుట్టకో సెక్షను ఉన్నంత పెద్ద అడవిలో, తాయారు అనే తీతువు పిట్ట ఉద్యోగం చేస్తుండేది.

తీతువంటే మీకు తెలుసుగా? పొడుగు కాళ్ళు, కళ్ళ ముందు ఎర్రటి తోలు, గొంతు విప్పిందంటే చెవులు మూసుకోవాల్సిందే. ఆ గొంతే తాయారుకి అన్నం పెట్టింది. అడవి కాపలా ఆఫీసులో ఆవిడది కేక ఉద్యోగం. ఆఫీసు ముందున్న బండ మీద నిలబడి నాలుగు దిక్కులూ చూస్తుండాలి. వేటగాడి అలికిడి అయితే "టిట్టిటీ! టిట్టిటీ!" అని కేక వెయ్యాలి. ఆ కేక వినపడగానే ఎక్కడివాళ్ళక్కడ, ఎలా ఉన్నవాళ్ళలా, బొమ్మల్లా నిలబడిపోవాలని ఛైర్మన్‌గారి ఆర్డరు. ఆవలిస్తున్నవాడు నోరు తెరుచుకునే ఉండాలి. గోక్కుంటున్నవాడు కాలు ఎత్తుకునే ఉండాలి.

అపాయం తప్పాక తాయారు "టీ" అని సన్నగా కూస్తుంది. అప్పుడు అందరూ కదిలి, ఎలాగూ కదిలాం కదా అని, తిన్నగా క్యాంటీనుకి వెళ్ళి టీ తాగొస్తారు. అందుకే వేటగాళ్ళు ఎక్కువగా వచ్చే రోజుల్లో తాయారుకి ఆఫీసులో మంచి పేరు.

ఛైర్మన్ ఐరావతరావుగారు ఏనుగు. మందని వదిలేసి ఒంటరిగా తిరిగే మగ ఏనుగు. పిల్లల్ని పెంచడం, పాలివ్వడం, దారి చూపించడం లాంటివన్నీ ఎక్కడో అవతలి కొండ దగ్గర ఆడవాళ్ళ మంద చూసుకుంటుంది. ఆయన గున్న ఏనుగుల్ని చూసిందల్లా పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడే. మంచాయనే పాపం. మంచితనం ఎక్కడ వాడాలో తెలియక అలాగే దాచుకున్నారు.

ఆఫీసు నడిపేది సూపరింటెండెంటు మహిషప్ప. అడవిదున్న. రూల్సు పుస్తకం ఆయన కొమ్ముకి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఏ మాట కనిపించినా దానికి తనకి తెలిసిన అర్థం ఒక్కటే ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. ఆఫీసు వెనకాల 'లేడీస్ రూము' అని బోర్డు పెట్టిన పొద ఒకటుంది. మహిషప్ప ఆ బోర్డు చదివి, లేళ్ళని తప్ప ఎవర్నీ లోపలికి రానిచ్చేవాడు కాదు.

"లేడీస్ అన్నారు. లేడివా నువ్వు?" అని నెమలిని గుమ్మంలోనే నిలదీశాడు.

"ఆడదాన్నండీ."

"అది నేనడగలేదు."

అలాంటి ఆఫీసు అది. ఇక తాయారు సంగతికొద్దాం.

తీతువులు గూడు కట్టవు. గులకరాళ్ళ మధ్యే గుడ్లు పెట్టేస్తాయి. ఆ గుడ్లు కూడా అచ్చం గులకరాళ్ళలాగే ఉంటాయి, పక్కన పెట్టి చూసినా తేడా తెలీదు. పోయినేడాది తాయారు వాగు ఒడ్డున నాలుగు గుడ్లు పెట్టింది. మొగుడు మంచివాడే, వంతులేసుకుని పొదిగేవాడే, కానీ సరిగ్గా అప్పుడే అతన్ని ఎక్కడో దూరపు చెరువుకి బదిలీ చేశారు. భార్యాభర్తల్ని ఒకేచోట ఉంచాలనే రూలుంది కదండీ అంటే, "ఒకే అడవిలో ఉంచాంగా," అన్నాడు మహిషప్ప.

తాయారు బండ మీద డ్యూటీ చేస్తూ, సందు దొరికినప్పుడల్లా వాగుకి ఎగిరి, పొట్ట ఈకలు తడుపుకుని గుడ్లు చల్లబరిచి, మళ్ళీ బండ మీదకి ఎగిరొచ్చేది. ఒక మధ్యాహ్నం వేటగాళ్ళు కదల్లేదు. ఆవిడా కదల్లేకపోయింది. తీరా వెళ్ళి కూచునేసరికి గుడ్లు కాలిపోతున్నాయి. ఆ వేడి తన ఒంటి వేడి కాదు. తాయారు అక్కడే కూలబడి గుండె పగిలేలా ఏడ్చింది. మర్నాడు డ్యూటీకొచ్చి "టీ" అని కూసింది. అందరూ టీకి వెళ్ళారు.

మొగుడు ఒకసారి చూడ్డానికొచ్చి వెళ్ళాక, ఈ ఏడాది మళ్ళీ పొట్ట బరువెక్కింది. ఈసారి ఏం జరిగినా సరే ఈ గుడ్లని ఎండకి వదిలేది లేదని తాయారు ఒట్టేసుకుంది.

అదిగో, సరిగ్గా అప్పుడే ఛైర్మన్‌గారికి ఆడవాళ్ళ మీద అభిమానం పుట్టుకొచ్చింది. పక్క అడవి పెద్దలు ఈ ఆఫీసుని చూడ్డానికి వస్తున్నారట. చూపించడానికి ఏదైనా ఉండాలి కదా! వెంటనే మహిళా సంక్షేమ సలహాదారుని పిలిపించారు. ఎవరనుకున్నారు ఆ సలహాదారు? కోకిల. కలకంఠిగారు. తల్లితనం మీద ఆవిడ ఉపన్యాసం చెబితే రాళ్ళు కరుగుతాయి. ఏడాదికోసారి గుడ్లు పెడుతుంది, ఇంతవరకు ఒక్క గుడ్డు మీదా కూచున్న పాపాన పోలేదు.

ఆవిడ ఛైర్మన్‌గారి చెవిలో ఏదో ఊదింది. ఐరావతరావుగారు అందరినీ పోగుచేసి, తొండం ఎత్తి ప్రకటించారు.

"మన ఉద్యోగినులందరికీ ఇవాళ్టి నించి... పొదుగు సెలవు!"

తాయారు ఆనందంతో బండ మీద నించి ఎగిరి, గాల్లో ఒక పల్టీ కొట్టి, అలవాటు కొద్దీ "టీ" అనేసింది. సగం సభ క్యాంటీనుకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే మహిషప్ప ముందు నిలబడింది. "సార్, పొదుగు సెలవండీ."

మహిషప్ప ఆవిణ్ణి తల నించి కాళ్ళ దాకా చూశాడు. వంగి పొట్ట కింద కూడా చూశాడు. తాయారుకి సిగ్గేసి రెక్క అడ్డం పెట్టుకుంది.

"ఏదమ్మా పొదుగు?"

"ఏంటండీ?"

"పొదుగు సెలవు కావాలంటే పొదుగుండాలా వద్దా? మా ఇంటావిడకుంది. మా వదినకుంది. ఆ లేడమ్మకుంది. నీకెక్కడుంది?"

"అయ్యో, ఆ పొదుగు కాదు సార్! గుడ్లు పొదుగు!"

"గుడ్లకి పొదుగేంటమ్మా?"

"గుడ్లకి కాదండీ, నేను పొదుగుతాను!"

"నువ్వే పొదుగైపోతావా?" మహిషప్ప జాలిగా చూశాడు. "చూడమ్మా, నేను పొదుగు దగ్గరే పెరిగి పెద్దవాణ్ణయ్యాను. నాకే పొదుగంటే ఏంటో చెబుతావా? అయినా డ్యూటీ టైములో సొంత విషయాలు మాట్లాడకూడదని రూలుంది. పొదుగు మొలిచాక రా. సెలవెక్కడికీ పోదు."

తాయారు వెనకాలే లేడమ్మ నిలబడి ఉంది, నిండు నెలలతో. ఆవిడకి పొదుగుంది. మహిషప్ప సంతోషంగా సంతకం పెట్టి, సలహాదారుగారి సంతకం కూడా తెచ్చుకోమన్నాడు. కలకంఠిగారు లేడమ్మని కూచోబెట్టి, "ఎన్ని గుడ్లండీ?" అని ముద్దుగా అడిగింది.

"గుడ్లేంటండీ, పిల్ల పుడుతుంది నాకు."

"మరి ఏం పొదుగుతారు?"

"ఏమీ పొదగనండీ."

"పొదగనివాళ్ళకి పొదుగు సెలవెలా ఇస్తామండీ, మీరే చెప్పండి!"

ఇలా ఈకలవాళ్ళందరూ మహిషప్ప దగ్గర ఆగిపోయారు, డెక్కలవాళ్ళందరూ కలకంఠిగారి దగ్గర ఆగిపోయారు. గుడ్లూ పెట్టి పాలూ ఇచ్చే ఆడది ఎవరైనా ఉంటేనే ఆ సెలవు దొరుకుతుందని తేలింది. గబ్బిలం ఒకతి ఆశగా వచ్చింది. రెక్కలున్నాయి, పాలున్నాయి, గుడ్లు మాత్రం లేవు. కాసేపు అక్కడే తలకిందులుగా వేలాడి, నిట్టూర్చి వెళ్ళిపోయింది. పథకం మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోందని పక్క అడవికి కబురెళ్ళింది.

తాయారు క్యాంటీన్లో కూచుని కళ్ళు తుడుచుకుంటుంటే కలకంఠిగారు వచ్చి ఓదార్చింది.

"నన్ను చూడు తాయారూ. ఉద్యోగం, సంసారం రెండూ ఎంత హాయిగా నడుపుకొస్తున్నానో! పిల్లలు పనికి అడ్డం అనుకోవడం మన బలహీనత."

"మీ పిల్లలెక్కడున్నారండీ?"

"మంచి చేతుల్లో ఉన్నారు."

"ఎవరి చేతుల్లో?"

"అంత వివరంగా కనుక్కోలేదమ్మా, బిజీగా ఉండి."

టీ తెచ్చిన క్యాంటీన్ కాకమ్మ కలకంఠిగారి మాట విని ఆగింది. "ఏమండోయ్, మీ గొంతు భలే ఉంటుందండీ. మా మూడోవాడు కూడా అచ్చం ఇలాగే పాడతాడు. మా ఇంటా వంటా లేదు ఆ గొంతు! ఎవరి పోలికో ఏమో."

"అలాగా, చాలా సంతోషం," అని కలకంఠిగారు టీ తాగకుండానే ఎగిరిపోయింది.

"ఇదేంటే, ముట్టుకోనైనా లేదు!" అని కాకమ్మ ఆ టీ తనే తాగేసి, తాయారు వీపు మీద రెక్క వేసింది. "ఒసేయ్ పిచ్చిదానా, ఏడవకు. ఈసారి ఎక్కడ పెడదామనుకుంటున్నావు?"

తాయారు క్యాంటీను కిటికీలోంచి బయటికి చూస్తోంది. పక్క అడవివాళ్ళ కోసం ఆఫీసు గుమ్మం నించి సభ అరుగు దాకా కొత్త దారి వేస్తున్నారు. వాగులోంచి తెచ్చిన తాజా గులకరాళ్ళు, గుండ్రటివి, మచ్చలవి, బుట్టలకొద్దీ గుమ్మరిస్తున్నారు. ఛైర్మన్‌గారు స్వయంగా నడిచి ప్రారంభించేదాకా ఆ దారి మీద చీమ కూడా కాలు పెట్టకూడదని మహిషప్ప కేకలేస్తున్నాడు.

"కాకమ్మా," అంది తాయారు. "అవెంత అందమైన రాళ్ళే!"

"నీ దుంపతెగ," అని కాకమ్మ పడీ పడీ నవ్వింది.

ఆ వారమే తాయారు ఛైర్మన్‌గారి దారి మధ్యలో నాలుగు గుడ్లు పెట్టేసింది. దొంగతనంగా పెట్టడం ఇష్టంలేక మహిషప్పని పిలిచి చూపించింది కూడా. ఆయన అంచునే నిలబడి మెడ సాచి చూశాడు.

"ఏవి?"

"అవిగోండి, నా కాళ్ళ దగ్గర."

"అవి రాళ్ళు."

"గుడ్లండీ."

"నేను తెప్పించిన రాళ్ళని నాకే గుడ్లని చూపించి సెలవు కొట్టేద్దామనా? తెలివితేటలు!" అని, అవి రాళ్ళేనని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టేశాడు.

"సరేనండీ, రాళ్ళే," అని తాయారు వాటి మీద కూచుంది. దారి మీద కాలు పెట్టకూడదనే గానీ కూచోకూడదని రూల్లో లేదు కాబట్టి మహిషప్ప అడ్డు చెప్పలేదు.

ఇంకేం, ఆఫీసు పక్కనే పొదగడం, పొదుగుతూనే డ్యూటీ. అక్కణ్ణించే నాలుగు దిక్కులూ చూస్తుంది, అక్కణ్ణించే కేకేస్తుంది. ఎండెక్కితే కాకమ్మ ముక్కుతో నీళ్ళు తెచ్చి ఈకలు తడుపుతుంది. తాయారు ఇంటికి వెళ్ళట్లేదు, వాగుకి వెళ్ళట్లేదు, సెలవడగట్లేదు. ఆఫీసంతా ముక్కున వేలేసుకుంది. సెలవు ఇవ్వకపోవడం వల్లనే ఇంత శ్రద్ధ వచ్చిందని మహిషప్ప ఛైర్మన్‌గారికి విన్నవించాడు. ఐరావతరావుగారు కరిగిపోయి, 'ఉత్తమ ఉద్యోగిని' బిరుదు ఇస్తానన్నారు.

గుడ్లు పిగిలేదాకా పక్క అడవివాళ్ళు రారనుకుంది తాయారు. వాళ్ళు ముందే దిగారు. దారి చూడాలని తొందరట.

సభ అట్టహాసంగా మొదలైంది. అతిథుల పెద్ద, ముసలి ఎలుగుబంటి జాంబవయ్య, ముందు వరసలో కూచున్నాడు. కలకంఠిగారు తల్లి ప్రేమ మీద పాడితే ఆయన కళ్ళొత్తుకున్నాడు. తరవాత మహిషప్ప గొంతు సవరించుకుని, "ఉత్తమ ఉద్యోగిని తాయారు వేదిక మీదకి రావాలి," అన్నాడు.

తాయారు కదల్లేదు. కింద గుడ్లు కదులుతున్నాయి. లోపల చిన్న ముక్కులు టకటకమంటున్నాయి. లేస్తే ఎండ, లేవకపోతే పరువు. కూచునే దణ్ణం పెట్టింది.

"ఎంత వినయం!" అన్నారు ఐరావతరావుగారు. "ఆవిడ రాకపోతే నేనే వెళ్తాను!" అని తొండం చివర శాలువా పట్టుకుని, చప్పట్ల మధ్య కొత్త దారి మీద అడుగు పెట్టారు. ఒకటి. రెండు. రాళ్ళు పటపటమన్నాయి. శాలువా కప్పడానికి వంగుతూ ఆయన ముందు కాలు ఎత్తారు. రోలంత కాలు, తిన్నగా తాయారు నెత్తి మీదకి.

"టిట్టిటీ! టిట్టిటీ! టిట్టిటీ!"

అంతే. అడవి అడవంతా బొమ్మై నిలబడిపోయింది. చప్పట్లు కొడుతున్నవాళ్ళ చేతులు మధ్యలో ఆగాయి. జాంబవయ్య కూడా లడ్డూ నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఐరావతరావుగారు తమ ఆర్డరు తామే తప్పలేక, కాలు గాల్లో పెట్టుకుని మూడు కాళ్ళ మీద నిలబడ్డారు.

"వేటగాడెక్కడమ్మా?" అన్నారు పెదవి కదపకుండా.

"వేటగాడు లేడండీ. మీరే," అంది తాయారు. "మీ కాలి కింద నా గుడ్లున్నాయండీ. పోయినేడు ఎండకి పోయాయి. ఈసారి మీ కాలికి పోతే నేను బతకనండీ."

మహిషప్ప ఉన్నచోటే ఉండి గొణిగాడు. "అవి రాళ్ళేనండీ. నేను తనిఖీ చేసి సంతకం పెట్టాను. నిక్షేపంగా తొక్కండి."

అప్పుడు తాయారు పొట్ట కింద నించి సన్నగా వినిపించింది.

"టీ."

ఉద్యోగులందరికీ ప్రాణం లేచొచ్చింది. బిలబిలమంటూ క్యాంటీను వైపు తిరిగారు. ఛైర్మన్‌గారు హమ్మయ్య అని కాలు దించబోయారు.

"టిట్టిటీ!!" అని తాయారు చెవులు పగిలేలా అరిచింది. మళ్ళీ అందరూ బొమ్మలు. కాలు ఆవిడ తల మీద జానెడెత్తులో ఆగింది.

"టీ అన్నదెవరు?" అని గర్జించారు ఐరావతరావుగారు.

"నేను కాదండీ. రాయండీ."

"రాళ్ళు కూయవండీ," అన్నాడు మహిషప్ప.

"టీ," అంది రాయి.

మహిషప్పకి చెమటలు పట్టాయి. "ఇదొక్కటీ... కూసిందండీ," అన్నాడు నీరసంగా.

"ఇది గుడ్డయితే మిగతావెక్కడున్నాయి? కలకంఠిగారూ, మీరు నిపుణులు కదా, గుడ్లేవో రాళ్ళేవో చెప్పండి!" అన్నారు ఐరావతరావుగారు.

"నాకు పెట్టడం వరకేనండీ తెలుసు," అంది కలకంఠిగారు. "తరవాత సంగతి..."

"తరవాత సంగతి నాకు తెలుసే!" క్యాంటీను కప్పు మీద నించి కాకమ్మ కేకేసింది. "ఇప్పుడర్థమైంది నా మూడోవాడి గొంతెక్కడిదో! ఒసేయ్ తాయారూ, ఒక్క టీ కూయవే తల్లీ, నీకు పుణ్యముంటుంది, దీని సంగతి తేల్చేస్తాను!"

"కూయకు తాయారూ!" అని ఐరావతరావుగారు, కలకంఠిగారు ఒకేసారి అరిచారు. ఛైర్మన్‌గారి మిగతా మూడు కాళ్ళూ వణకడం మొదలెట్టాయి. "తల్లీ, కాలెక్కడ పెట్టాలో చెప్పు. కాలు పీకేస్తోంది."

తాయారు తల వంచుకుంది. "డ్యూటీలో సొంత విషయాలు మాట్లాడకూడదని మహిషప్పగారి రూలండీ. సెలవులో ఉంటే చెప్పేదాన్ని."

జాంబవయ్య లడ్డూ మింగేసి మరీ చూస్తున్నాడు.

"సెలవు ఇచ్చాను! పొదిగేవాళ్ళకి సెలవు!" అన్నారు ఐరావతరావుగారు.

"పాలిచ్చేవాళ్ళకండీ?" అంది లేడమ్మ.

"వాళ్ళకీ!"

"పొదుగుండాలా, పొదగాలా అండీ?"

"బిడ్డ ఉంటే చాలు!"

"చెరువుకి బదిలీ చేసిన మా ఆయన?"

"రమ్మను! అతనికీ సెలవు!"

"పనిలో ఉండగా పిల్లల్ని ఉంచుకోడానికి నీడ?"

"నేనున్నాను కదమ్మా, నా కింద కావలసినంత నీడ! తీసుకోండి! కాలెక్కడ పెట్టను?"

"రూల్సు ఒప్పుకోవండీ," అన్నాడు మహిషప్ప ఆఖరిసారిగా.

"ఆ పుస్తకం ఇలా విసురు!" అన్నారు ఛైర్మన్‌గారు. తాయారు గుడ్లు లేనిచోటు చూపించింది. పుస్తకం అక్కడ పడింది. దాని మీద ఆయన కాలు మోపి, అమ్మయ్య అని ఊపిరి వదిలారు. అన్నాళ్ళకి ఆ పుస్తకం ఒకరికి ఆసరా అయింది.

తాయారు "టీ" అని కూసింది. ఎవరూ క్యాంటీనుకి వెళ్ళలేదు. కాకమ్మ మాత్రం కలకంఠిగారి వెంటపడి కొండ దాటించింది. గుడ్లు ఒక్కొక్కటే పిగిలాయి. బొటనవేలంత పిల్లలు నాలుగు బయటికొచ్చి, ఈకలు ఆరీ ఆరకముందే ఐరావతరావుగారి కాళ్ళ మధ్య పరుగులు పెట్టాయి. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడి, ఒక పిల్ల తన గోరు మీదకెక్కి కునికిపాట్లు పడుతుంటే, "అరే, అరే," అంటూ ఎందుకో కళ్ళు తుడుచుకున్నారు. తాయారు నవ్వుతూ ఏడుస్తూ ఆయన నీడలో కూలబడింది.

అప్పట్నించి అడవిలో ఏ ఆడది నీళ్ళోసుకున్నా తిన్నగా ఆ దారి మీదకే వచ్చేస్తోంది. లేడి పిల్లలు, నెమలి పిల్లలు, మహిషప్ప దూడలు కూడా అక్కడే. తాయారు మొగుడు ఒకదాన్ని గుడ్డనుకుని పొరపాటున పొదుగుతుంటే, అది నిజంగానే రాయని మహిషప్పే చెప్పాల్సొచ్చింది. ఛైర్మన్‌గారు ఇప్పుడు తల దించుకుని, అడుగడుగూ చూసుకుంటూ నడుస్తున్నారు. ఆ ఉద్యోగంలో చేరాక ఆయన తన కింద ఏముందో చూడ్డం అదే మొదలు.

నీతి: గుడ్లు పెట్టేవాళ్ళు తిన్నగా పై అధికారి కాలి కిందే పెట్టుకోవాలి, అంతకన్నా భద్రమైన చోటు అడవిలో ఇంకా కట్టలేదు.